ముప్పై ఏడో నంబరు గొంతు

పదకొండో పంపు రోజువారీ పుస్తకం. బాధ్యురాలు: కొక్కిలిగడ్డ సుకృత, మెకానికల్ మూడో ఏడు, రోల్ నంబరు 37.

పనిదినం 46. కరెంటు 46 ఆంపియర్లు. బేరింగు వేడి 58 డిగ్రీలు. నా హాజరు 93 శాతం.

రిమార్కుల గడి రెండు వేళ్ళ వెడల్పు ఉంది. "ఏమీ లేవు" అని రాయడానికే దీన్ని గీసినట్టున్నారు. సెమిస్టరు మొదలైన దగ్గర్నుంచి నలభై ఐదు రోజులూ అదే రాశాను. ఇవాళ ఉన్నాయి. గడి చాలదు కాబట్టి ఎడమవైపు ఖాళీ పేజీలో రాస్తున్నాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు. పంపు అంకెలన్నీ తీగ మీద వాటంతటవే వెళ్ళిపోతాయి. కాగితం మీద రాయించడం సముద్రపు గోడ కట్టిన తొలి రోజుల అలవాటు. దాన్ని తీసేయాలని ఎవరికీ తట్టలేదు. రోజూ పదకొండు గంటలకు షిఫ్టు ఫిట్టరు నాంచారయ్య బాబాయి వచ్చి అడుగున సంతకం పెట్టి పోతాడు.

ఇవాళ మొదటి గంట హీట్ ట్రాన్స్‌ఫర్. హాజరు వేసే యంత్రం పేరు క్రమపాలిని. మేం పాలినమ్మ అంటాం. ఈ ఉప్పుగాలిలో ముఖానికి గుడ్డ కట్టుకోకుండా ఎవరూ తిరగరు, మా వేళ్ళకు గ్రీజు వదలదు. అందుకని అది ముఖం చూడదు, వేలిముద్ర అడగదు. గొంతు వింటుంది.

"ముప్పై ఏడు" అంది.

"ప్రెజెంట్" అన్నాను.

"ఇది ముప్పై ఏడు గొంతు కాదు. ప్రాక్సీ. ముప్పై ఏడు గైర్హాజరు."

నేను మొదటి బెంచీలో, దాని మైకుకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను.

పనిదినం 47. 46 ఆంపియర్లు. బేరింగు 58. హాజరు 91.

మళ్ళీ అదే. కారణం నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మొదటి ఏడు మొదటి వారంలో నేను పలికేది పాలినమ్మకి వినబడేది కాదు. కాన్వెంటులో పదేళ్ళూ సైలెన్స్ లీడర్ని నేనే. సిస్టర్ అలోషియా ఇచ్చిన మూడు బ్యాడ్జీలు ఇంకా నా పెట్టెలో ఉన్నాయి. "వినబడలేదు, మళ్ళీ చెప్పండి" అని పాలినమ్మ క్లాసు ఆపేది. అరవై మంది నా వీపు వైపు చూసేవాళ్ళు. మూడో రోజు వెనక బెంచీలోంచి షమీమ్ నా బదులు "ప్రెజెంట్" అంది. తన నంబరు ముప్పై ఎనిమిది. తనకి గొంతులోంచి, నాకు ముక్కులోంచి. "నీ గొంతు ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. అందుకని సిస్టర్ల గొంతు పెట్టాను" అని తర్వాత చెప్పింది. ఆ నెలలోనే పాలినమ్మ అందరి గొంతులూ నేర్చుకుంది. రెండున్నరేళ్ళుగా దాని లెక్కలో నేనంటే షమీమ్ ముక్కు.

మొన్న షమీమ్ పూడిక తీసే ఓడ మీద ఆరు నెలల శిక్షణకు వెళ్ళింది. "రేపట్నుంచి నువ్వే పలుక్కో తల్లీ" అని చెప్పి పడవ ఎక్కింది. మా ఇద్దరిలో ఒక్కరికీ బుర్ర పనిచేయలేదు. ఈ సెమిస్టరులో తనకి జ్వరం వచ్చిన రెండు రోజులూ నాకూ గైర్హాజరు పడింది. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

నిజం చెబుదామంటే, ప్రాక్సీ పలికినవాళ్ళకి ఒక సెమిస్టరు నిషేధం; సెమిస్టరు పోతే ఏడాది పోయినట్టే. అంటే షమీమ్‌కి.

పనిదినం 49. 46 ఆంపియర్లు. బేరింగు 59. హాజరు 88.

లెక్క సులువే. సెమిస్టరుకి వంద పనిదినాలు. అరవై ఐదు లేకపోతే డిటెన్షన్, ఏడాది మొత్తం మళ్ళీ చదవాలి, పంపు ఇంకొకరికి ఇచ్చేస్తారు. నాకు నలభై మూడున్నాయి. మిగతా ఇరవై రెండు దక్కాలంటే డెబ్బై ఎనిమిదో పనిదినం సాయంత్రం లోపు ఇది సరి కావాలి.

పదకొండో పంపు మా పల్లెపాలెం నీళ్ళు తోడి గోడ అవతల సముద్రంలో పోస్తుంది. ఇది ఆగితే మా అమ్మ మంచం కోళ్ళ కింద ఇటుకలు పెడుతుంది. నా తర్వాత వరుసలో ఉన్నది యాభై రెండో నంబరు కౌశిక్. అతను హాస్టల్లో తెర మీద అంకెలు చూసి పంపు చూశానంటాడు.

పరీక్షల విభాగానికి వెళ్ళాను. గుమాస్తా సుభాషిణి గారు సగం విని, "గొంతు మారిందని అర్జీ పెట్టమ్మా" అన్నారు. అర్జీ నోటితో చెప్పాలి. కౌంటరులో ఉన్నదీ పాలినమ్మే.

"గొంతు మార్పు అర్జీని ముప్పై ఏడు స్వయంగా, రికార్డులో ఉన్న గొంతుతో చెప్పాలి" అంది.

"గొంతు మారినవాళ్ళు పాత గొంతుతో ఎలా చెబుతారండీ?" అని సుభాషిణి గారిని అడిగాను.

"రూలు అదేనమ్మా. లేకపోతే ఎవరు పడితే వాళ్ళొచ్చి పక్కవాళ్ళ గొంతు మార్పించుకుపోరూ?"

"మరి నిజంగా మారితే?"

ఆవిడ రూల్సు కాగితం ఇటూ అటూ తిప్పి చూశారు. "ఇంతవరకు ఎవరూ అడగలేదు" అన్నారు.

పనిదినం 53. 46 ఆంపియర్లు. బేరింగు 61. హాజరు 81.

డాక్టరు సర్టిఫికెట్ తెస్తే చూద్దామన్నారు. ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు గారు నోట్లోకి లైటు వేసి చూశారు. "గొంతు శుభ్రంగా ఉంది. అసలు వాడినట్టే లేదు" అన్నారు.

హీట్ ట్రాన్స్‌ఫర్ మాస్టారు నా రికార్డు మీద సంతకం పెడుతూ, "నువ్వు రోజూ వస్తున్నావు. నాకు కనబడుతూనే ఉన్నావు. కానీ హాజరు నా చేతిలో లేదమ్మా" అన్నారు. సాయంత్రానికి పాలినమ్మ ఆ సంతకం కొట్టేసింది. గైర్హాజరైన విద్యార్థి ప్రయోగం చేయడం సాధ్యం కాదట.

పనిదినం 58. 47 ఆంపియర్లు. బేరింగు 63. హాజరు 74.

డెబ్బై ఐదు దాటి కిందికి దిగగానే పాలినమ్మ ఇంటికి ఫోను చేసింది. మీ అమ్మాయి పన్నెండు రోజులుగా కాలేజీకి రావడం లేదని చెప్పింది.

అమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "రోజూ పొద్దున్నే క్యారేజీ కట్టించుకుని ఎక్కడికి పోతున్నావే?"

"కాలేజీకే."

"నా దగ్గరా? ఎవరా అబ్బాయి?"

చేతులు చూపించాను. గోళ్ళ కింద గ్రీజు చూసింది. వాసన చూసింది. "మెకానిక్కా?" అంది.

పనిదినం 61. 47 ఆంపియర్లు. బేరింగు 64. హాజరు 70.

ఇంక మిగిలింది ఒక్కటే. షమీమ్ ముక్కు నేర్చుకోవడం. పంపు హోరులో ఎవరికీ వినబడదు కదా అని అరగంట సాధన చేశాను. నాంచారయ్య బాబాయి సంతకానికి వచ్చి, కాసేపు నిలబడి, "జలుబు చేసిందా అమ్మా?" అన్నాడు.

క్లాసులో పలికాను. పోలిక డెబ్బై ఒక శాతం. తొంభై కావాలి. వెనక నుంచి ఎవరో "ఇంకొంచెం చీదు సుకృతా" అన్నారు. పాలినమ్మ మాత్రం, "ప్రాక్సీ పట్టు వదలకుండా ప్రయత్నిస్తోంది. నిఘా పెంచడమైనది" అని తెర మీద రాసింది.

పనిదినం 66. 48 ఆంపియర్లు. బేరింగు 68. హాజరు 65.

ఇది పంపు గురించి. స్క్రూడ్రైవర్ మొన బేరింగు గూటి మీద పెట్టి పిడి చెవికి ఆనించి విన్నాను. మామూలుగా ఒకటే గుయ్యిమనే శబ్దం. ఇవాళ దాని కింద ఇంకొకటుంది. ఎవరో వేయించిన శనగలు నములుతున్నట్టు, ఆగి ఆగి. వేడి ఎనభైకి వచ్చేదాకా హెచ్చరిక మోగదు. కానీ ఇరవై రోజుల్లో పది డిగ్రీలు పెరగడం బాగాలేదు.

ఫిర్యాదు చెప్పబోయాను. పంపు మీద ఫిర్యాదు దాని బాధ్యురాలే, తన గొంతుతో చెప్పాలంది పాలినమ్మ. అందుకని ఇక్కడ రాస్తున్నాను. శనగలు నమిలే శబ్దం. దయచేసి ఎవరైనా బేరింగు విప్పి చూడండి.

పనిదినం 67. 48 ఆంపియర్లు. బేరింగు 69. హాజరు 64.

నాంచారయ్య బాబాయి వచ్చి, నేనేమీ చెప్పకుండానే స్క్రూడ్రైవర్ తీసుకుని విన్నాడు. "స్టోర్లో కొత్త బేరింగు లేదు. నాలుగు రోజుల్లో వస్తుంది. నువ్వు దగ్గరే ఉండి వింటూ ఉండు" అన్నాడు. ఆయనకీ వినబడిందన్నమాట.

పనిదినం 70. బేరింగు 77, తర్వాత రాయలేదు. హాజరు 61.

పది నలభైకి శనగలు కాస్తా గులకరాళ్ళయ్యాయి. "పదకొండు, ఆపు" అన్నాను. "మీరు ఈ పంపు బాధ్యులు కారు" అంది పాలినమ్మ. మళ్ళీ అన్నాను. ముక్కుతో కూడా అన్నాను. ఇంతలో కాలిన గ్రీజు వాసన వచ్చింది. పరుగెత్తి నాంచారయ్య బాబాయిని పిలుచుకొచ్చాను. ఆయన పెద్ద స్విచ్చు చేత్తో కిందికి లాగాడు. నేను నీళ్ళు వెనక్కి తన్నకుండా బయటి వాల్వు చక్రం తిప్పి మూశాను. నలభై రెండు చుట్లు.

విప్పితే లోపల గుండ్లు పట్టి ఉంచే పంజరం పగిలి ఉంది. షాఫ్టుకి దెబ్బ తగల్లేదు. కొత్త బేరింగు మధ్యాహ్నం పడవలో వచ్చింది. సాయంత్రానికి బిగించాం. పల్లెపాలెంలో చీలమండ లోతు నీళ్ళొచ్చి పోయాయట. అమ్మ ఇటుకలు ఇలా పెట్టి అలా తీసిందట.

పనిదినం 71. 45 ఆంపియర్లు. బేరింగు 53. హాజరు 61.

నాకు నోటీసు వచ్చింది. పంపు పాడైన సమయంలో బాధ్యురాలు అక్కడ లేనందుకు.

హెచ్‌ఓడీ భుజంగరావు గారి గదికి వెళ్ళాను. నాంచారయ్య బాబాయి కూడా వచ్చాడు.

"ఎవరో బయటివాళ్ళు వచ్చి పంపు ఆపమని మూడుసార్లు అన్నట్టు రికార్డులో ఉంది. ఎవరు వాళ్ళు?" అన్నారు సార్.

"నేనే సార్."

"నువ్వు ఇరవై ఐదు రోజులుగా కాలేజీకే రావడం లేదు కదా?"

"రోజూ వస్తున్నాను సార్."

"గట్టిగా చెప్పు."

"రోజూ వస్తున్నాను సార్."

"ఈ పిల్ల లేకపోతే షాఫ్టు కూడా పోయేదండీ" అన్నాడు బాబాయి.

"నాంచారయ్యా, నువ్వు చెబితే నమ్ముతాను. ఆ నమ్మకాన్ని ఏ గడిలో రాయను?"

"పుస్తకం ఉంది కదండీ. పంపు పుస్తకంలో ఫిట్టరు సంతకం ఉంటే ఆ మనిషి ఆ రోజు ఉన్నట్టే. గోడ నిబంధనల్లో ఉంది. ఎవరూ కొట్టేయలేదు."

సార్ అల్మరాలోంచి లావుపాటి పుస్తకం తీసి దుమ్ము దులిపి వెతికారు. ఉంది. "సరే. పంపు పుస్తకం డెబ్బై ఎనిమిదో రోజు సాయంత్రం లోపు నా బల్ల మీద ఉండాలి. మొదటి పేజీ నుంచి ప్రతి అక్షరం చదువుతాను" అన్నారు.

ప్రతి అక్షరం.

పనిదినం 74. 45 ఆంపియర్లు. బేరింగు 52. హాజరు 58.

నలభై ఏడో రోజు నేను రాసింది చాలా స్పష్టంగా ఉంది. సిస్టర్ అలోషియా మెచ్చుకునే దస్తూరి. పేజీలకు నంబర్లున్నాయి. ఎడమ పేజీ చింపితే దాని వెనకున్న సంతకాల పేజీ కూడా పోతుంది. సిరా పూస్తే ఏం దాచావంటారు. ఈ పుస్తకం ఇస్తే నాకు హాజరంతా వస్తుంది, ఎందుకంటే నేను నిజంగానే ఉన్నాను. షమీమ్‌కి ఏడాది పోతుంది. నా బదులు పలికినందుకు.

"పుస్తకం ఇవ్వలేను బాబాయి" అన్నాను.

"షమీమమ్మ కోసమేగా."

"చదివారా?"

"రోజూ చదువుతున్నాను. మీ అమ్మ 'మెకానిక్కా' అన్నది మా ఇంట్లో చెబితే, మా ఆవిడ అన్నం తింటూ పొలమారేలా నవ్వింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఎవరూ చదవరని నువ్వే రాశావు. చదువుతున్నానంటే మానేస్తావని."

ఇరవై ఎనిమిది రోజులుగా ఈ కాలేజీలో నా మాట వింటున్న ఒకే ఒక్క మనిషి, వింటున్నానని చెప్పలేదు.

పనిదినం 76. 45 ఆంపియర్లు. బేరింగు 52. హాజరు 57.

పుస్తకం ఇవ్వడం లేదు. నిర్ణయం అయిపోయింది.

కౌశిక్‌కి: వాన పడ్డ మర్నాడు జల్లెడలో గుర్రపుడెక్క చుట్టుకుంటుంది, తెరలో కనబడదు, చేత్తో తీయాలి. గ్రీజు నిండుగా కూరకు, వేడెక్కుతుంది. స్క్రూడ్రైవర్ పసుపు పిడిది వాడు, ఎర్రది వదులు. పంపు ఆగితే ముందు మూయాల్సింది బయటి వాల్వు. నలభై రెండు చుట్లు. మా ఇల్లు పల్లెపాలెంలో చివరిది.

పనిదినం 77. 45 ఆంపియర్లు. బేరింగు 52. హాజరు 56.

షమీమ్ వచ్చింది. ఓడ డీజిలుకి రేవుకొచ్చిందట, రెండు రోజులు సెలవు. పంపు హోరు మీద నుంచి కూడా వినబడేలా "సుక్కూ, ఎక్కడ చచ్చావే" అంటూ వచ్చింది. ముక్కు మీద చర్మం ఎండకి ఊడిపోయింది. నా ముఖం చూసి, ఏమైందని అడగకుండా బల్ల మీదున్న పుస్తకం లాక్కుంది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని మొత్తం చదివింది. రెండు చోట్ల పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వలేదు.

"నన్ను అడగకుండా నా కోసం త్యాగాలేంటే?" అంది.

"నన్ను అడిగి నా బదులు పలికావా?"

నేను ఇంత గట్టిగా అనాలనుకోలేదు. అనేశాక ఆగలేదు. "నువ్వు ఊరుకుని ఉంటే నాలుగోసారికో అయిదోసారికో నేనే వినబడేలా పలికేదాన్ని. ఒక్క వారం నవ్వేవాళ్ళు. అయిపోయేది."

షమీమ్ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అది క్లాసంతా ఆపేది" అంది. "నువ్వు మెడ వంచుకుని కూర్చునేదానివి. వెనక నుంచి నీ చెవులు ఎర్రబడటం కనబడేది. చూళ్ళేకపోయాను. అంతే."

"నేనూ వద్దనలేదు."

"అనుంటే నాకు వినబడేదా?"

తర్వాత తను పుస్తకం చంకలో పెట్టుకుంది. ఇవ్వమన్నాను. ఇవ్వనంది. ఈ పేజీ రాయడానికి మాత్రం పది నిమిషాలు ఇచ్చింది. ఎదురుగా నిలబడి కాలు ఊపుతోంది.

పనిదినం 78. 45 ఆంపియర్లు. బేరింగు 52.

పుస్తకం సార్ దగ్గర ఉండిపోయింది కాబట్టి ఇది మర్నాడు పొద్దున రాస్తున్నాను. నిన్నటి సంతకం బాబాయి సార్ బల్ల దగ్గరే పెట్టాడు.

సార్ నిజంగానే ప్రతి అక్షరం చదివారు. మమ్మల్ని రెండు గంటలు బయట నిలబెట్టారు. తర్వాత లోపలికి పిలిచారు.

"ఎన్నిసార్లు పలికావు?" అని షమీమ్‌ని అడిగారు.

"లెక్కపెట్టలేదు సార్. రెండున్నరేళ్ళు, రోజుకి ఆరు గంటలు."

"ఎందుకు?"

"ఈమె పలికేది దానికి వినబడదు సార్."

"బదులుగా నీకేం చేసిపెట్టింది?"

"రికార్డులు రాసిచ్చింది సార్."

నేను కళ్ళు మూసుకున్నాను. సార్ కిటికీలోంచి గోడ వైపు చూశారు. "ఆ చివరి మాట నాకు వినబడలేదు" అన్నారు.

ముప్పై ఏడుకి పుస్తకం ప్రకారం డెబ్బై ఎనిమిదికి డెబ్బై ఎనిమిది. నూరు శాతం. కాలేజీ మొత్తంలో ఇంకెవరికీ లేదట. ముప్పై ఎనిమిదికి ఈ సెమిస్టరు రద్దు. వచ్చే ఏడు మా జూనియర్లతో కూర్చోవాలి. అది తగ్గించమని అడిగాను. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ సార్‌కి వినబడింది. తగ్గించలేదు.

బయటికొచ్చాక షమీమ్ నా వీపు మీద ఒకటి చరిచింది. "సెలవు ఇంకో పూటుంది. మీ అమ్మ దగ్గరికి పోదాం పద. ఆ మెకానిక్కు నేనేనని చెప్పాలి" అంది.

పనిదినం 79. 45 ఆంపియర్లు. బేరింగు 52. హాజరు 100.

పొద్దున పాలినమ్మకి నా గొంతు కొత్తగా ఇచ్చాను. ముప్పై సార్లు "ప్రెజెంట్" అనాలి. ఇరవై ఆరు సార్లు "ఇంకొంచెం గట్టిగా" అంది. చివరికి ఒప్పుకుంది. ఇక మీదట అంత గట్టిగా పలికితేనే వినబడినట్టు లెక్కట. రేవులో ఓడ కూత వినబడింది. షమీమ్ వెళ్ళిపోయింది.

మొదటి గంట హీట్ ట్రాన్స్‌ఫర్.

"ముప్పై ఏడు."

"ప్రెజెంట్."

"వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

చెప్పాను. వినబడలేదంది. మళ్ళీ చెప్పాను. క్లాసు ఆగింది. అరవై మంది నా వీపు వైపు చూశారు. చెవులు వేడెక్కడం నాకే తెలిసింది. వెనక బెంచీ ఖాళీగా ఉంది. ఎవరూ పలకలేదు.

నాలుగోసారి వినబడింది.

పాలినమ్మ ముప్పై ఎనిమిదిని దాటేసి, "ముప్పై తొమ్మిది" అని పిలిచింది.